అశ్విని మొదటి పాదం

పరాయి దేశంలో బిడ్డను కనడం ఒక ఎత్తు, ఆ బిడ్డ పుట్టిందని కాగితాల మీద ఒప్పించడం ఇంకో ఎత్తు. మంజూష కువైట్‌లో నర్సు కాబట్టి మొదటి పని పెద్దగా బెంబేలు పడకుండానే కానిచ్చేసింది. రెండోదే ఆమెకు చుక్కలు చూపించింది. ఆస్పత్రి చీటీ పట్టుకుని జనన ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే, పెళ్ళి సర్టిఫికెట్ అరబ్బీలోకి మార్పించి తెమ్మని ఇంకో ఆఫీసుకి పంపారు. అది తెస్తే దాని మీద ఫలానా ముద్ర లేదని మూడో చోటికి పంపారు. టీకాల కార్డు వేరే, ఆరోగ్య కార్డు వేరే. పచ్చి బాలింత, నడుముకి గుడ్డ బిగించుకుని, ఆ ఎండలో టాక్సీలు ఎక్కుతూ దిగుతూ తిరిగింది. తల్లి ఛాయాదేవి పాపను ఒళ్ళో వేసుకుని ప్రతి ఆఫీసులోనూ ఆడవాళ్ళ వరుసలో కూర్చుంది. నెల తిరిగేసరికి అన్నీ చేతికొచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ హైదరాబాదులో మంజూష భర్త దుర్గేష్ దగ్గర ఆగిపోయింది.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. పాపకి ఇండియా పాస్‌పోర్టు ఇవ్వడానికి సమ్మతమేనని తండ్రి ఒక కాగితం రాయాలి, దాని మీద పాప ఫోటో అంటించాలి, నోటరీ ఎదుట సంతకం పెట్టి, ముద్ర వేయించి కొరియర్‌లో పంపాలి. మనిషి కుదురుగా పూనుకుంటే ఒక పూట పని. దుర్గేష్‌కి నెల రోజులైనా తెమల్లేదు.

ఈ దుర్గేష్ మైత్రీవనం పక్క సందులో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్తాడు. మంజూష ఉద్యోగం మీద భర్తని తీసుకెళ్ళే వీసా ఇంకా రాలేదు. అందుకని పెళ్ళయిన రెండేళ్ళలో ఆలుమగలు కలిసి ఉన్నదల్లా ఆమె సెలవు మీద వచ్చిన రోజులే. పాప సంగతి కూడా ముందే అనుకున్నారు. మంజూష సెలవు డెబ్భై రోజులు. అవి అయిపోతే మళ్ళీ డ్యూటీలు, వాటిలో సగం రాత్రివే. కాబట్టి విజిటింగ్ వీసా మీద పురిటికి వెళ్ళిన ఛాయాదేవి తిరిగొచ్చేటప్పుడు పాపను వెంట తెచ్చేస్తుంది. పంజాగుట్టలో ఆవిడ ఇల్లు, మధురానగర్‌లో దుర్గేష్ ఇల్లు. పొద్దున క్లాసు కాగానే వెళ్ళి సాయంత్రం బ్యాచ్ దాకా పాప దగ్గర కూర్చోవచ్చని అతను ఎప్పుడో లెక్కలేసుకున్నాడు.

తేదీలు మాత్రం బిగుతుగా ఉన్నాయి. సెప్టెంబరు పన్నెండున ఎంబసీలో పాప దరఖాస్తు ఇవ్వాలి. ఆ రోజుకి తండ్రి కాగితం ఉంటే నెలలో పాస్‌పోర్టు వస్తుంది. అక్టోబరు పద్నాలుగుతో ఛాయాదేవి వీసా సరి. కాగితం అందితే ఆవిడ పాపను ఎత్తుకుని విమానం ఎక్కుతుంది, అందకపోతే ఉత్త చేతులతో ఎక్కుతుంది.

మరి ఇంత తెలిసీ ఆ మహానుభావుడు సంతకం ఎందుకు పెట్టలేదంటే, కాగితం మీద పాప ఫోటో ఉంటుంది. అతను పాప ముఖం చూడకూడదు.

పాప పుట్టిన రాత్రి దుర్గేష్ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి నిద్రపోయాడు. ఛాయాదేవి మెసేజ్ అల్లుడికీ, వియ్యంకుడికీ ఇద్దరికీ పెట్టింది. ‘ఆడపిల్ల. 11.40కి. తల్లీబిడ్డా క్షేమం. ఫోటోలు తర్వాత పెడతాను.’ ముందు చూసినవాడు దుర్గేష్ తండ్రి బుచ్చిబాబు. రిటైరైన హెడ్మాస్టరు, భార్య పోయాక ఇంట్లో పాలప్యాకెట్టూ పంచాంగమూ రెండూ ఆయన శాఖలే. నాలుగున్నరకి లేచి, మెసేజ్ చదివి, దేవుడికి దండం పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని పంచాంగం తీశాడు. రాత్రి పదకొండూ నలభైకి అశ్విని మొదటి పాదం నడుస్తోంది. మొదటి పాదం తండ్రికి దోషం. మూడు నెలలు తండ్రి బిడ్డ ముఖం చూడకూడదు. ఆ తర్వాత శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, అందులో బిడ్డ నీడ చూసి, అప్పుడు ముఖం చూడాలి.

దుర్గేష్ లేచి మెసేజ్ చూసుకుని పొంగిపోతూ హాల్లోకి వచ్చేసరికి తండ్రి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంగతి విని దుర్గేష్ నవ్వేశాడు. ఈ రోజుల్లో ఇదేంటి నాన్నా అన్నాడు. బుచ్చిబాబు వాదించలేదు. కొడుకు ఎన్నడూ వినని మాట ఒకటి చెప్పాడు. తను పుట్టిన మూడో నెలలో తన తండ్రి పోయాడట. తన నక్షత్రం మీద ఊరంతా వేలు పెట్టి చూపించిందట. తండ్రిని మింగినవాడని తనని బడిలో పిలిచారు, పెళ్ళి సంబంధాల్లో వెనక్కి పెట్టారు, కన్నతల్లి కూడా కోపం వస్తే అదే మాట అనేది.

“నీకేమీ కాదురా, నాకు తెలుసు,” అన్నాడు బుచ్చిబాబు. “కానీ ఈ మూడు నెలల్లో నీకు స్కూటర్ మీద చిన్న దెబ్బ తగిలినా సరే, అది దాని నెత్తినే పడుతుంది. ఆ మాట నా మనవరాలికి వద్దు.”

డెబ్భై ఏళ్ళ మనిషి కళ్ళు తుడుచుకుంటూ అడిగితే ఏ కొడుకు కాదంటాడు. దుర్గేష్ సరేనన్నాడు. బాలింతకి ఈ సంగతి చెబితే బెంగ పెట్టుకుంటుంది, పాలు పడవు, కాబట్టి మంజూషకి చెప్పొద్దని కూడా బుచ్చిబాబు అడిగాడు. దానికీ సరేనన్నాడు. ఏడింటికి ఫోటోలు వచ్చాయి. తండ్రే కొడుకు ఫోన్ తీసుకుని, అవి తను చూసుకుని, మురిసిపోయి, తుడిపేసి ఇచ్చాడు.

ఇక అక్కణ్ణుంచి మొదలయ్యాయి అబద్ధాలు. రోజూ సాయంత్రం నాలుగింటికి, అక్కడ ఒంటిగంటన్నర అని లెక్క చూసుకుని, దుర్గేష్ మామూలు ఫోన్ చేసేవాడు. మంజూష వీడియో పెట్టబోతే సెంటర్లో నెట్‌వర్క్ లేదనేవాడు. ఫోటో పంపితే ఫోన్‌లో చోటు లేదు, దిగడం లేదనేవాడు. సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పే మనిషి ఫోన్‌లో చోటు లేదంటే నమ్మడానికి మంజూష ఏమైనా అమాయకురాలా. మొదటి వారం విసుక్కుంది. రెండో వారం అడగడం తగ్గించింది. ఇరవై ఒకటో రోజు ఛాయాదేవి అక్కడే పాపను ఊయలలో వేసి సుమశ్రీ అని పేరు పెట్టింది. దుర్గేష్ ఆ వేడుక ఫోన్‌లో విన్నాడు. ఆడవాళ్ళెవరో పాడుతున్నారు, మధ్యలో పాప ఏడ్చింది. ఆ ఏడుపు విని అతను కోచింగ్ సెంటర్ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. మంజూష ఆ తర్వాత పాప గురించి తనంతట తాను చెప్పడం మానేసింది. ఎంబసీ తేదీ చెప్పేది, కాగితం సంగతి అడిగేది, పెట్టేసేది.

కాగితానికి దుర్గేష్ ఒక ఉపాయం పన్నాడు. మైత్రీవనం దగ్గర విజయేందర్ అని ఒకతనికి చిన్న షాపు ఉంది. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకీ, వెళ్ళి చిక్కుల్లో పడ్డవాళ్ళకీ కాగితాలు టైపు చేసిపెడతాడు. పాప ఫోటో మంజూష దగ్గర్నుంచి సరాసరి అతని నంబరుకే తెప్పించి, ప్రింట్ తీసి కాగితానికి అంటించి, దాని మీద పసుపురంగు చీటీ ఒకటి కప్పి ఇమ్మన్నాడు దుర్గేష్. విజయేందర్ వింతగా చూశాడు గానీ అడగలేదు. అతని షాపుకి అంతకన్నా వింతవి వస్తుంటాయి.

ఆ కాగితం పట్టుకుని దుర్గేష్ పంజాగుట్టలో నోటరీ హనుమత్ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన పసుపు చీటీ కొసని గోటితో ఎత్తబోతే దుర్గేష్ గబుక్కున తల పక్కకి తిప్పుకున్నాడు. ఆయన చీటీ వదిలేసి, కళ్ళజోడు పైనుంచి ఇతన్ని ఎగాదిగా చూశాడు. ఫోటోలో బిడ్డ తన బిడ్డేనని తండ్రి చూసి చెప్పాలనీ, అది విని తను ముద్ర వేయాలనీ, ముఖానికి గంతలు కట్టిన కాగితం మీద ముద్ర వేస్తే రేపు తన మెడకి చుట్టుకుంటుందనీ నిదానంగా చెప్పి కాగితం వెనక్కి ఇచ్చేశాడు. దుర్గేష్ బతిమాలాడు. ఆయన తరవాతి మనిషిని పిలిచాడు.

అది పాప పుట్టిన ముప్ఫై మూడో రోజు. ఎంబసీ తేదీ ఇంకా తొమ్మిది రోజులే. కొరియర్‌కే అయిదారు రోజులు పోతుంది. దుర్గేష్ మెట్రో దిగి మళ్ళీ విజయేందర్ షాపుకే వచ్చి, బల్ల మీద కాగితం పెట్టి, ఫోటో లేకుండా పని జరిగే దారేమైనా ఉందా అని అడిగాడు. విజయేందర్‌కి ఇక ఆగలేదు. అసలు ఆ చీటీ ఎందుకో చెప్పమన్నాడు. దుర్గేష్ చెప్పుకొచ్చాడు. ముప్ఫై మూడు రోజులుగా ఎవరికీ చెప్పని మాట కాబట్టి మొత్తం చెప్పాడు. తండ్రి పంచాంగంలోంచి రాసిచ్చిన కాగితం ముక్క కూడా పర్సులోంచి తీసి చూపించాడు. రాత్రి ఏడూ ఇరవైకి అశ్విని ప్రవేశం, ఒంటిగంటా ఇరవై అయిదు దాకా మొదటి పాదం అని అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది.

విజయేందర్ ఎగతాళి చేయలేదు. వాళ్ళన్న కొడుకు పుట్టినప్పుడు కూడా నూనె గిన్నె పెట్టారన్నాడు. ఫోటోతో పాటు మంజూష పంపితే తను ప్రింట్ తీసిన పాప కాగితాల కట్ట ఒకసారి తిరగేశాడు. కువైట్ ఆస్పత్రి చీటీ దగ్గర ఆగాడు. రోజూ ఇరవై మందికి గల్ఫ్ ఇంటర్వ్యూల వేళలు మన టైముకి లెక్కకట్టిచ్చే మనిషి. అలవాటు ప్రకారం చీటీ మీద అంకె పక్కన పెన్సిల్‌తో ఇంకో అంకె వేసుకున్నాడు. వేసుకుని, కాసేపు దాన్నే చూశాడు.

“సార్, గీ పదకొండు నలభై ఆడి టైమే గదా?”

అక్కడిదే, ఆస్పత్రి వాళ్ళు వేసింది, అన్నాడు దుర్గేష్.

“మరి మీ నాయిన సూసిన పంచాంగం ఈడిది గద సార్. ఆడ పదకొండు నలభై అయితుంటే ఈడ రెండూ పది అయింది. గప్పటికి మొదటి పాదం ఒడిసిపోయింది.”

దుర్గేష్‌కి చప్పున అర్థం కాలేదు. చీటీ మీది పెన్సిల్ అంకె చూశాక అర్థమైంది. రెండున్నర గంటలు. రోజూ ఫోన్ చేసేముందు వేళ్ళ మీద లెక్కపెట్టుకునే ఆ రెండున్నర గంటలే. ఛాయాదేవి మెసేజ్ వచ్చింది కూడా రెండున్నర దాటాక. హడావిడిలో మూడు గంటలు ఆలస్యంగా పెట్టి ఉంటుంది పాపం అని తండ్రీ కొడుకులిద్దరూ ఆవిడ మీద జాలిపడ్డారు. ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడ తప్పు దాక్కుంటుందో రోజుకి మూడు బ్యాచ్‌లకి చెప్పే పంతులు, పెళ్ళాంబిడ్డల విషయానికొచ్చేసరికి ఇది చూసుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక విజయేందర్ వైపు చూశాడు. విజయేందర్ పసుపు చీటీని మెల్లగా లాగేశాడు.

రెండంగుళాలు కూడా లేని ఫోటో. తెల్ల గుడ్డ మీద పడుకోబెట్టి తీసింది. నున్నటి తల, ఉబ్బిన కళ్ళు, ఎవరి మీదో అలిగినట్టు బిగించిన పెదాలు. దుర్గేష్ దాన్ని వెలుతురులోకి జరిపి చూశాడు, కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. షాపులో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

ముందు తండ్రికి ఫోన్ చేశాడు. ఉండు అని బుచ్చిబాబు పంచాంగం తెచ్చుకున్న చప్పుడు వినబడింది. పేజీలు తిప్పాడు, గొణుక్కుంటూ కూడాడు, మళ్ళీ మొదట్నించి కూడాడు. రెండో పాదం, దోషం లేదు, అన్నాడు. తన పొరపాటుకి ఆయన నొచ్చుకోలేదు, కొడుక్కి క్షమాపణా చెప్పలేదు. అయితే దానికి ఆ మాట పడదురా, అని ఒక్కటే నాలుగైదుసార్లు అన్నాడు. దుర్గేష్‌కి ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

తర్వాత మైత్రీవనం మెట్ల మీద కాస్త ఖాళీ చూసుకుని మంజూషకి వీడియో కాల్ చేశాడు. ముప్ఫై మూడు రోజుల్లో మొదటిసారి. ఆమె ఎత్తింది. మనిషి చిక్కిపోయింది. ఏమైంది, నాన్నగారు బాగున్నారా, అని కంగారుగా అడిగింది. పాపని చూపించమన్నాడు. పడుకుందంది. అప్పుడతను ఉత్సాహంగా మొదలుపెట్టాడు. మెసేజ్, పంచాంగం, తండ్రి చిన్నతనం, పసుపు చీటీ, నోటరీ, విజయేందర్ పెన్సిల్, ఏదీ వదలకుండా చెప్పాడు. చివరికొచ్చేసరికి తనే నవ్వాడు. ఆమె కూడా నవ్వుతుందనుకున్నాడు.

మంజూష నవ్వలేదు. అడిగింది.

“అంటే, ఆడపిల్ల పుట్టిందని కాదా?”

మంజూష తొణక్కుండా, వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టు చెప్పింది. మెసేజ్‌లో మొదటి మాట ఆడపిల్ల అని ఉంది, ఆ మెసేజ్ చూసిన దగ్గర్నుంచే భర్త మారిపోయాడు. ఇంకేమనుకుంటుంది? తల్లి కూడా అదే అనుకుంది. ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చారు. ఆఫీసుల్లో వరుసల్లో నిలబడినప్పుడు, తండ్రి ఏడీ అని ఎవరడిగినా తనకి సిగ్గేసేదట. పాపకి పాలిస్తూ, మీ నాన్నకి నువ్వు వద్దట అని ఒకరోజు పైకే అనేసిందట. అని, ఆ మాట అన్నందుకు రోజంతా అన్నం తినలేదట.

దుర్గేష్ తల దించుకున్నాడు. చెప్పొద్దన్నది నాన్న అని గొణిగాడు. తండ్రి పడ్డ బాధేమిటో మళ్ళీ చెప్పబోయాడు.

“మావయ్యగారి భయం నాకర్థమైంది. ఆయన్నేమీ అనను,” అంది మంజూష. “మిమ్మల్ని ఒకటి అడుగుతాను. లెక్క సరిగ్గానే ఉండి, ఆ దోషం నిజంగానే ఉండుంటే, మూడు నెలలూ చూసేవారు కాదా? నాకు చెప్పేవారు కాదా?”

ఆ రోజు నెట్‌వర్క్ చాలా బాగుంది. కింద రోడ్డు మీద కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ళు అరుస్తున్నారు. చూసేవాణ్ణే, చెప్పేవాణ్ణే అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అతను అందామనే నోరు తెరిచాడు. అది అబద్ధమని ఆమెకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు. లెక్క తప్పు దొరికింది కాబట్టి ఈ రోజు ఫోన్ చేశాడు. దొరక్కపోతే రేపు కూడా నెట్‌వర్క్ లేదనే చెప్పేవాడు. నోరు మూసుకున్నాడు.

పాపని అమ్మతో పంపను అంది మంజూష. తన వార్డులోనే పనిచేసే ఒకావిడ, పిల్లల్ని చూసుకునే ఇల్లొకటి చెప్పిందట. రాత్రి డ్యూటీలు కొన్నాళ్ళు మార్చమని అడుగుతుందట. కష్టమే, చూసుకుంటానంది. చూడాలనుంటే మీరే రండి, వీసా సంగతి మీరు కనుక్కోండి, అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బతిమాలేవాడు.

“కాగితం మాత్రం పంపండి. పాస్‌పోర్టు లేకపోతే దానికి ఇక్కడ ఉండటానికీ లేదు.”

ఒక్కసారి చూపించమని దుర్గేష్ మళ్ళీ అడిగాడు. ఆమె కాదనలేదు, ఫోన్ మంచం వైపు తిప్పింది. పాప గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. లేపొద్దు, ఇప్పుడే పడుకుంది, అంది మంజూష మెల్లగా. అతను లేపమనలేదు.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి, పొద్దున్నే పంజాగుట్ట వెళ్ళాడు. హనుమత్ప్రసాద్ గారు అతన్ని గుర్తుపట్టి, కాగితం అటూ ఇటూ తిప్పి, చీటీ లేదని చూసుకుని తృప్తిపడ్డాడు. ఈ ఫోటోలో ఉన్నది మీ అమ్మాయేనా అని అడిగితే దుర్గేష్ అవునన్నాడు. ఎవరి పోలికండీ అని ఆయన మాటవరసకి అడిగాడు. దుర్గేష్ ఫోటో వంక చూసి, తెలియదండీ అన్నాడు. ఆయన ఇక కదిలించకుండా చదవడం మొదలుపెట్టాడు. టైపు చేయించిన రోజు దుర్గేష్ చివరి వాక్యం దాకా చదవనేలేదు. మామూలుగా అందరికీ ఉండే వాక్యమే అది.

“బిడ్డ పూర్తిగా తల్లి సంరక్షణలో, ఆమె నివసించే చోటే ఉండుటకు నాకెట్టి అభ్యంతరమూ లేదు,” అని చదివి, హనుమత్ప్రసాద్ గారు తలెత్తాడు. “లేదు కదా? మీ నోటితో చెప్పాలి.”

దుర్గేష్ లేదండీ అన్నాడు. వినబడలేదన్నాడాయన. లేదండీ అని మళ్ళీ గట్టిగా చెప్పి, సంతకం పెట్టాడు.